బండల కొట్టు సైటు మీద రెండు పేర్లు

మొన్న మా చెల్లెలి కూతురు చీరల వ్యాపారానికి సైటు పెట్టుకుని, పేరు ఒక గడిలో కొట్టి, పని అయిపోయిందని ఫోను పక్కన పెట్టేస్తుంటే, ఆ పేరు బయటివాళ్ళకు ఎలా కనిపిస్తోందో ఒకసారి వెతికి చూడమని పట్టుబట్టాను. పెద్దమ్మకు చాదస్తం ఎక్కువైందని నవ్వింది. ఆ చాదస్తం నాకెక్కడ పట్టుకుందో మన కాలం వాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో నేను కడపలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పనిచేసేదాన్ని. బండల వ్యాపారం చేసే అన్నదమ్ములిద్దరు వాళ్ళ నాన్న పేరు మీదున్న కొట్టుకు మా దగ్గర సైటు చేయించుకున్నారు. వెతికినప్పుడు కనిపించే పేజీ టైటిల్ పద్ధతిగా ఎలా పెట్టాలో తెలియక, నేను సైటు రూపాన్ని నడిపే థీమ్ ఫైల్లోకి దూరి ఆ కొట్టు పేరును చేత్తోనే రాసేశాను. ఏడాది తిరక్కుండా వాళ్ళు వేరుపడ్డారు, నాన్న పేరు ఇకమీద ఎవరూ వాడకూడదని పెద్దమనుషుల ముందు మాట ఇచ్చుకున్నారు. సైటు తమ్ముడి వాటాకు వచ్చింది. వెతికేవాళ్ళకు పేజీ ముందు కనిపించేలా చేస్తుందన్న ఎస్ఈఓ ప్లగిన్ ఒకటి తగిలించి, అందులో తమ్ముడు తన పేరు మీదే పెట్టుకున్న కొత్త కొట్టు పేరు రాసి, బ్రౌజర్ ట్యాబ్ మీద సగం పేరు కనిపించగానే చాలనుకున్నాను. ప్లగిన్ రాసిన పేరు వెనకాలే థీమ్ పాత పేరును కూడా అతికిస్తోందని నాకు తెలియలేదు.

కొన్నాళ్ళకు బెంగుళూరు బేరగాడొకడు ఇంటర్నెట్లో వెతుకుతూ ఆ రెండు పేర్లూ ఒకే వరసలో చూసి, అన్నదమ్ములు మళ్ళీ కలిశారా అని తమ్ముడికి ఫోన్ చేశాడట. ఆయన చెమటలు కక్కుతూ సెంటర్‌కు వచ్చాడు.

"మా అన్న చూస్తే నేను మాట తప్పినానంటాడమ్మా. మల్లా నా ముఖం చూడడు."

ఎదురుపడితే పలకరించుకునే పాటి మర్యాద వాళ్ళ మధ్య ఇంకా మిగిలుండేది, అది నా చేతుల మీదుగా పోతుందేమోనని అప్పటికప్పుడే ఫైళ్ళు తెరిచి వెతికాను. థీమ్‌లోని ఆ వరస తీసెయ్యడం పది నిమిషాల పనే. కానీ వెతికితే వచ్చే జాబితాలో పాత టైటిలే ఉండిపోయింది, ఆ వెతికిపెట్టే యంత్రం తనకు తోచినప్పుడు సైటుకు వచ్చి చూసుకుంటేగాని మారదు. గంటకోసారి వెతికి చూసుకునేదాన్ని. నాలుగోనాటికి ఇక తట్టుకోలేక నేనే అన్నగారి కొట్టుకు వెళ్ళి, తప్పు నాదేననీ, తమ్ముడికేమీ తెలియదనీ చెప్పేశాను. ఆయన చేతులకంటిన రాతిదుమ్ము కడుక్కుని, చూపించమని నాతో సెంటర్‌కు వచ్చాడు.

కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వరసను పెదవులతో చదువుకున్నాడు. ఇక పంచాయితీ తప్పదనుకున్నాను.

"ఇది ఎన్ని దినాలుంటాదమ్మా?"

వారమో పది రోజులో, నా చేతిలో లేదన్నాను.

"పోయేదాంకా ఉండనీలే. మా నాయన పేరు పక్కన వాని పేరు చూసి శానా దినాలైంది."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, నా వెనక నిలబడి ఒకసారి చూసుకుని వెళ్ళిపోయేవాడు. ఎప్పుడు పోతుందా అని దేవుళ్ళకు మొక్కుకున్న నేనే, పొద్దున కంప్యూటర్ తెరిచేటప్పుడు పోయిందేమోనని భయపడసాగాను. ఒకనాడు నిజంగానే పోయింది. తమ్ముడు గండం గడిచిందని ఫోన్ చేశాడు. సాయంత్రం అన్నగారు వచ్చి చూసి, సరేలేమ్మా అని వెళ్ళాడు, మళ్ళీ మా సెంటర్‌కు రాలేదు.

ఇప్పుడు థీములూ ప్లగిన్లూ అలా కొట్లాడుకోవడం తగ్గిపోయింది, దిద్దిన తప్పు అప్పటికంటే తొందరగా మాయమైపోతుంది, మంచిదే. కానీ ఆ సాయంత్రాల్లో ఒక్కసారైనా తమ్ముడికి ఫోన్ చేసి, మీ అన్న ఇక్కడే ఉన్నాడు, వచ్చి చూడమని చెప్పాలని నాకు తోచలేదు. తప్పు ఎప్పుడు చెరిగిపోతుందా అన్న కంగారే తప్ప ఇంకేదీ నా బుర్రలో లేదు, ఆ దిగులు ఇప్పటికీ పోలేదు.