కత్తెర అడగని పచ్చిక

పని తప్పించుకోవడానికి మా మావయ్య పడేంత కష్టం, పని చేయడానికి కూడా ఎవరూ పడరు. రోజూ పొద్దున్నే టీ గ్లాసుతో నీళ్ళ గాజుపెట్టె ముందు కూర్చుని, అందులోని పన్నెండు ఎర్ర రొయ్యల్నీ అడుగుతాడు: "ఏమర్రా, నాతో మీకేం పని లేదుగా?" అవి మీసాలు ఊపుతాయి. లేదన్నాయని ఆయన లెక్క.

ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. మెయింటెనెన్స్ అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వేసుకునేవన్నీ ఇస్త్రీ అక్కర్లేని చొక్కాలే. గుమ్మంలోకొచ్చిన చుట్టాన్ని కూడా, దీనికెంత మెయింటెనెన్సో అన్నట్టు ఎగాదిగా చూస్తాడు.

రొయ్యపిల్లలు దాక్కోవాలంటే పెట్టె అడుగున నీళ్ళలో పెరిగే పచ్చిక పరవాలి. మూడు నెలలుగా దాని ఎంపిక సాగుతోంది. ఒక్కో మొక్కనీ ఒక్కో గాజుగ్లాసులో వేసి, లిఫ్టుకి తగిలించినట్టు ఓ చీటీ తగిలించాడు. "బుల్లి ఆకులది: పెరగాలంటే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు అడుగుతోంది. పనికిరాదు." "సన్నగడ్డి: వారానికోసారి క్షవరం. పనికిరాదు." గ్లాసులన్నీ అభ్యర్థులకే సరిపోయి, మేం గిన్నెలతో నీళ్ళు తాగుతున్నాం.

ఓ రోజు పెట్టె అడుగున ఒక రొయ్య కదలకుండా కనిపించింది. మావయ్య ఆ పూట అన్నం మానేశాడు. "పన్నెండో నంబరు సేవలో లేదు" అని చీటీ కూడా అంటించాడు. మర్నాడు లెక్కపెడితే పన్నెండూ ఉన్నాయి!

"కొత్తది ఎవరు వేశారే?"

"అది విడిచిన పెంకండీ. మీరు చొక్కా విడిచి నేలమీద పడేయరూ, అలాగే," అంది అత్తయ్య నవ్వుతూ.

ఆవిడ నవ్వడం చాలా రోజుల తర్వాత అదే. ఏడాది కిందట చేతులు వణకడం మొదలయ్యాక, వరండాలోని ముప్ఫై కుండీలూ పంచిపెట్టేసింది. "కత్తెర పట్టలేని దానికి తోటెందుకు?" అంది. అప్పట్నుంచి వరండా తలుపు కూడా తీయదు. అలాంటి మనిషి కళ్ళముందు ఈయన మొక్కల గోలేమిటని నాకు కోపంగా ఉండేది.

చివరికి అత్తయ్యే విసిగిపోయింది. "ఆదివారంలోగా ఏదో ఒకటి నాటండి. లేకపోతే గ్లాసులతో సహా పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తాను."

శనివారం మావయ్య నన్ను వెంటేసుకుని చేపల కొట్టుకి పరిగెత్తాడు. కొట్టాయన నాలుగు రెక్కల ఆకులున్న పొట్టిమొక్క చూపించాడు.

"ఇది మహా బద్ధకస్తురాలు సార్. నెమ్మదిగా పాకుతుంది. మామూలు దీపం వెలుతురు చాలు."

"కత్తెర?"

"నెలల తరబడి అక్కర్లేదు."

మావయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాటడమో? పట్టకారుతో గుచ్చాలా? చేతులు వణికేవాళ్ళు నాటగలరా?"

నేను చప్పున ఆయన చేతులకేసి చూశాను. నిబ్బరంగా ఉన్నాయి. అప్పుడర్థమైంది, ఆ మూడు నెలల పరీక్షా ఎవరికోసమో.

"వలలాంటి జాలీ బిళ్ళ మీద వేళ్ళూనిందే ఇస్తాను. నీళ్ళలో పెడితే చాలు," అన్నాడు కొట్టాయన.

ఆదివారం మావయ్యకి ఉన్నట్టుండి నడుం పట్టేసింది. కుర్చీలోంచి లేవలేదు. "నువ్వే పెట్టవే, నావల్ల కాదు."

అత్తయ్య గొణుక్కుంటూనే చెయ్యి నీళ్ళలో ముంచింది. ఆరు బిళ్ళలు పెట్టేసరికి అరగంట పట్టింది. రొయ్యలు ఆవిడ చేతివేళ్ళమీదకెక్కి చూసిపోయాయి.

"అయ్యో, ఒకటి వంకరగా పడిందండీ. సర్దండి."

"పడితే పడనీ. దాన్ని సర్దే ఓపిక నాకెక్కడిది!" అన్నాడు మావయ్య. ఆ బద్ధకం నాకు మొదటిసారి ముద్దొచ్చింది.

ఇప్పుడు వరండాలో మరో రెండు గాజుపెట్టెలున్నాయి. వాటికి మొక్కలు అత్తయ్యే ఎంచింది.