బాపు జేబులోని లింకు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఆ తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ తెలియకుండా పోతూ వచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ కుర్రాడి మీద కోపం రావాలో జాలి పడాలో అర్థం కాదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో ఎవరింట్లో కంప్యూటరు మొరాయించినా నన్నే పిలిచేవాళ్లు. నేను ఒక చేత్తో స్క్రూడ్రైవరూ నోటినిండా ఇంగ్లిషూ పట్టుకుని వెళ్లేవాణ్ణి. స్క్రూడ్రైవరుతో కాని పని ఇంగ్లిషుతో అయ్యేది. ‘మదర్‌బోర్డుల కంపాటిబిలిటీ ఇష్యూ ఉన్నది ఆంటీ’ అంటే చాలు, ఆవిడ బెదిరిపోయి చాయ్ పెట్టి ఇచ్చేది. పెట్టె బాగుపడకపోయినా నా గౌరవానికి మాత్రం ఏమీ అయ్యేది కాదు. ఈ ఏర్పాటు ఇలాగే జీవితాంతం నడుస్తుందనుకున్నాను.

అలాంటి రోజుల్లో మా బాపు నాకోసం ఒక సంబంధం, అంటే ఉద్యోగ సంబంధం, చూశాడు. ఆయన బొగ్గుబాయిలో, బొగ్గు గని అనుకోండి, ఎలక్ట్రీషియను. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి. పక్కింటివాళ్ల నిచ్చెన అడగడానికి కూడా మొహమాటపడి మా అవ్వను (మా దిక్కున నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలుస్తాం) పంపేవాడు. అలాంటివాడు తమ బాయి మీద ఇంజనీరు సారు గది ముందు నిలబడి, ‘మా పిలగాడు కంప్యూటర్ల పని మంచిగ జేస్తడు సారు, ఒక్కపాలి సూడున్రి’ అని అడిగి వచ్చాడట. ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా ఆ మాట నాకు చెప్పాడు. నేనేమో గొప్పగా, ‘ఏం ప్రాబ్లెమ్ అట?’ అన్నాను.

ప్రాబ్లెమ్ ల్యాంప్ రూములో ఉంది. గనిలోకి దిగే ప్రతి మనిషీ నెత్తి మీది దీపాన్ని తీసుకునే గది అది. ఏ నంబరు దీపం ఎవరు పట్టుకుని దిగారు, ఎవరు పైకొచ్చి అప్పజెప్పారు అన్నది అక్కడి పాత కంప్యూటరులో ఎక్కిస్తారు. ఆ ప్రోగ్రాము ఎవరో ఎప్పుడో రాసిపెట్టి వెళ్లిపోయారు, అది ఆ ముసలి పెట్టెలో తప్ప ఇంకెక్కడా నడవదు. బొగ్గు దుమ్ముకీ కింద పేల్చే మందు అదురుకీ హార్డ్ డిస్కు మాత్రం ఏటా మంచం పట్టేది. నేను వెళ్లి చూసి, సారుకు ఒక ఉపాయం చెప్పాను. కెమెరాల్లో వేసే మెమరీ కార్డును ఒక చిన్న అడాప్టరులో గుచ్చి, దాన్ని హార్డ్ డిస్కు ఉండాల్సిన చోట తగిలిస్తే, పాత కంప్యూటరు దాన్నే డిస్కు అనుకుంటుంది. లోపల తిరిగేదేమీ లేదు గనక దుమ్ముకూ అదురుకూ జంకదు. ఇంజనీరు సారు కోస్తా మనిషి, మాట కరుకు. ‘సరేనయ్యా, చేసి చూపించు. రేపు రెండో షిఫ్టు జనం వచ్చేలోపు నడవాలి. నడిచిందా, ఈ బావి మీద కంప్యూటర్లన్నీ నువ్వే చూసుకుందువు గాని. నడవలేదా, కొత్తదానికి రాసిచ్చేస్తా, దాని వెనకాలే దాని మనిషీ వస్తాడు’ అన్నాడు. నా ఉద్యోగం, బాపు మాట, రెండూ ఆ అగ్గిపెట్టెంత అడాప్టరు మీద పడ్డాయన్నమాట.

ఆ సాయంత్రమే కూనరిల్లుతున్న పాత డిస్కులోంచి అంతా కార్డులోకి ఎక్కించి, ఇంట్లో నా కంప్యూటరుకు తగిలించి చూశాను. బ్రహ్మాండంగా నడిచింది. ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ మీకు అందదు. ఆ పాత పెట్టెల్లో ఒకే వైరుకు రెండు వస్తువులు తగిలించేవాళ్లు. మా ల్యాంప్ రూము పెట్టెలో అదే వైరు మీద సీడీ డ్రైవు కూడా ఉంది. ఇద్దరిలో పెద్ద ఎవరు, చిన్న ఎవరు అన్నది ముందే తేల్చిపెట్టాలి. తేల్చేది జంపర్ అనే చిన్న నల్ల టోపీ, మినప గింజకంటే కొంచెం పెద్దది. అడాప్టరు మీది రెండు సూదులకు ఆ టోపీ తొడిగితే కార్డు పెద్ద. టోపీ లేదంటే కార్డూ చిన్నే, సీడీ డ్రైవూ చిన్నే. కంప్యూటరు పెద్దాయన కోసం చూసి చూసి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పేస్తుంది. నేను టోపీ తొడిగాను. నా చేతుల్తో తొడిగాను. ఈ సంగతి మర్నాడంతా నాకు శత్రువైంది.

పొద్దున మొదటి షిఫ్టుకు గంట ముందే బాపు తన బండి మీద నన్ను తీసుకెళ్లాడు. ల్యాంప్ రూము గుమాస్తాను అందరూ రిజిస్టర్ కాక అనేవాళ్లు. కంప్యూటరు వచ్చిన రోజు నుంచీ దాన్ని నమ్మక, అదే వివరం పక్కన చేత్తో కూడా రాసుకునేవాడు. అది చెడిపోయినప్పుడల్లా ఆయన ముఖంలో ఒక కళ వచ్చేది. ‘రా పిలగా, నీ అసొంటోళ్లు ముగ్గురొచ్చిన్రు, ముగ్గురు పోయిన్రు’ అని నన్ను ఆశీర్వదించి కిటికీ దగ్గర దీపాలు అందించడానికి వెళ్లాడు. నేను పెట్టె విప్పి అడాప్టరు బిగించాను. ఇంతలో గేటు దగ్గర పాసు మీద సంతకం కావాలని కబురొస్తే వెళ్లాను. బాపు ఒక్కడే మిగిలాడు, తెరిచి ఉన్న పెట్టె ముందు.

ఇక ఆయన ఏం చేశాడో నాకు తెలిసింది మధ్యాహ్నం మూడు దాటాక. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను, నాతోపాటు మీరూ తల పట్టుకోవడమెందుకు. బాయిలో ఎలక్ట్రీషియన్లకు ఒక పద్ధతి ఉంటుంది. ఎవరైనా మిషనులో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపితే సరిపోదు. కరెంటును కలిపే లింకు అనే ముక్కను ఊడదీసి జేబులో వేసుకోవాలి. పని చేసేవాడు చెయ్యి బయటికి తీసి ‘అయింది’ అనేదాకా అది జేబు దాటకూడదు. ‘స్విచ్ ఎవడన్న ఏస్తడు. జేబులున్నదాన్ని ఎవ్వడు ఎయ్యడు’ అనేవాడు బాపు. కొత్తలో ఆయన దోస్తు ఒకాయన చెయ్యి, ఎవరో చూసుకోక వేసిన స్విచ్ వల్లే కాలిపోయిందట. అలాంటి మనిషి, కన్నకొడుకు చెయ్యి పెట్టబోయే కరెంటు పెట్టెను ఊరికే వదులుతాడా? ముందు గోడకున్న ప్లగ్గు పీకాడు. తృప్తి కలగలేదు. కళ్లద్దాలు సవరించుకుని లోపల లింకు కోసం వెతికాడు. రెండు సూదుల్ని కలుపుతూ చిన్న నల్ల టోపీ కనిపించింది. ఇంత చిన్న పెట్టెకు ఇంత చిన్న లింకు ఉండటం ఆయనకు న్యాయంగానే తోచింది. గోటితో తీసి, కాగితంలో పొట్లం కట్టి, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ కూడా పెట్టాడు.

నేను తిరిగొచ్చేసరికి సైరను మోగుతోంది. బాపు నెత్తి మీద దీపం పెట్టుకుని, ‘బిడ్డా, నేను లింకు...’ అన్నాడు.

‘బాపు, నీకు దండం పెడత. ఇది మీ బాయిల ప్యానెల్ కాదు. దీంట్ల లింకులు గింకులు ఉండయి.’

‘అది కాదురా, నేను జెప్పేది...’

‘నువ్వు డ్యూటీకి పో బాపూ! జల్ది పో!’

కిటికీ అవతల దీపాల కోసం నిలబడ్డవాళ్లంతా విన్నారు. బాపు చిన్నబోయాడా అంటే, లేదు. నవ్వాడు. పక్కవాడితో, ‘పనిల ఉన్నప్పుడు గట్లనే ఉండాలె’ అని, ‘అయినంక చెప్పు మరి’ అని నాకు చెప్పి, అందరితోపాటు కిందికి దిగిపోయాడు. కిందికి దిగిన మనిషికి ఫోను ఉండదు. ఎనిమిది గంటలు.

ఊడి ఉన్న ప్లగ్గు గోడకు గుచ్చి కంప్యూటరు ఆన్ చేశాను. డిస్కు లేదంది. నవ్వుకుని మళ్లీ ఆన్ చేశాను. లేదంది. కార్డు తీసి పెట్టాను, వైరు తిప్పి పెట్టాను, అడాప్టరు పళ్లను రబ్బరుతో రుద్దాను, నోటితో ఊదాను. సెట్టింగుల్లోకి వెళ్లి ‘ఆటో’ అని ఉన్నదాన్ని ‘మాన్యువల్’ చేశాను, మాన్యువల్‌ను ఆటో చేశాను. ఇంకో కార్డు పెట్టాను. ఇంట్లో నడిచింది ఇక్కడ నడవదేం? అంటే తప్పు ఇక్కడిదే. నాది ఎలా అవుతుంది? పది గంటలకు మంచిర్యాలలో ఇదే పని చేసే మా దోస్తుకు ఫోన్ చేశాను. వాడు అంతా విని తాపీగా, ‘జంపర్ పెట్టినవా?’ అన్నాడు. నాకు ఎక్కడ లేని రోషం వచ్చింది. ‘నేను ఏమన్న నిన్న మొన్న నేర్చుకున్ననారా? నిన్ననే పెట్టిన!’ అన్నాను. ‘ఒక్కపాలి సూడు’ అన్నాడు పాపం. ‘సూసేది ఏంది, నా చేతుల్తోనే పెట్టిన’ అని ఫోన్ పెట్టేశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తల వంచి చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వంచలేదు. ఆ వయసులో మెడ నరాలు అంత గట్టిగా ఉంటాయి.

మధ్యాహ్నానికి అవ్వ కట్టిచ్చిన టిఫిను ముట్టకుండా అలాగే ఉంది, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రిజిస్టర్ కాక గంటకోసారి వచ్చి, ‘నాలుగోటోడు’ అని లెక్క సరిచేసి వెళుతున్నాడు. ఒంటిగంటకు ఇంజనీరు సారు వచ్చాడు. ‘ఏవయ్యా, అవుద్దా అవదా? ఉన్నమాట చెప్పు.’ అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తెలియడం లేదు సార్ అనలేకపోయాను. ‘దీని స్టోరేజ్ కంట్రోలరే పోయింది సార్. ఈ కంప్యూటరు ఇంక పనికి రాదు’ అన్నాను. పాపం, ఆ కంట్రోలరు నిక్షేపంగా ఉంది. పైగా ఆ మాటను కాగితం మీద రాసి కింద సంతకం కూడా చేసిచ్చాను. ‘అయితే షిఫ్టు మారాక కొత్తదానికి పంపించేస్తాను. నువ్విక సామాను సర్దుకో’ అని సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సర్దుకోమన్నది స్క్రూడ్రైవర్లనే కాదని తెలుస్తూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఉద్యోగం పోతే పోయింది, బాపు పైకొచ్చి మొదట అడిగేది నన్నే. ఆయనకు ఏ ఇంగ్లిషు చెప్పను?

మూడు దాటాక బాపు పైకొచ్చాడు. ముఖమంతా బొగ్గు, పళ్లు మాత్రం తెల్లగా. దీపం అప్పజెప్పకుండానే నేరుగా నా దగ్గరికి వచ్చి, ‘అయిందా బిడ్డా?’ అన్నాడు.

‘కాలే బాపు. నడుస్తనే లేదు.’

‘ఎట్ల నడుస్తదిరా? లింకు నా దగ్గరనే ఉండె గదా!’

జేబు గుండీ విప్పాడు. పొట్లం తీశాడు. బొగ్గు అంటకుండా కాగితం మడత మీద మడత పెట్టి ఉంది. విప్పితే మధ్యలో ఆ నల్ల టోపీ. ‘నీ చెయ్యి లోపట ఉన్నదని తీసిపెట్టిన. నువ్వు అయిందని చెప్పకపోతివి, నేను ఇయ్యకపోతి. ఒక షిఫ్టు పని ఉంటదనుకున్న’ అన్నాడు. (ఆయన లెక్కలో పని అంటే ఒక షిఫ్టు. అంతకంటే తక్కువైతే అది పని కాదు.) టోపీ తొడిగి ఆన్ చేశాను. కుయ్‌మంది. తెర మీద దీపాల నంబర్లు వరసగా వచ్చేశాయి. రెండో షిఫ్టు వాళ్లు అప్పుడే కిటికీ దగ్గరికి చేరుతున్నారు. రిజిస్టర్ కాక ముఖంలో కళ తప్పింది.

ఇంజనీరు సారు పరుగున వచ్చాడు. ‘ఇదేంటయ్యా, కంట్రోలరు పోయిందన్నావ్! ఏం చేశావ్?’ గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. బాపు నా వెనకే నిలబడ్డాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నిజం చెబితే పొద్దున్నే ఆయన చెప్పబోతుంటే నేను కసిరిన సంగతి చెప్పాలి, దోస్తు చూడమన్నా చూడని సంగతి చెప్పాలి, సంతకం పెట్టిన కాగితం సంగతి చెప్పాలి. ‘కాన్ఫిగరేషన్ ప్రాబ్లెమ్ సార్. సెట్ చేసిన’ అన్నాను. సారు కాగితం తీసి చింపేసి, నా భుజం తట్టి, ‘సోమవారం నుంచి వచ్చెయ్’ అన్నాడు. బాపు దీపం అప్పజెప్పడానికి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

ఇంటికి వెళుతుంటే బండి మీద వెనక కూర్చున్నాను. క్షమించమని అడగాలని నోరు తెరవబోతుంటే బాపే మొదలుపెట్టాడు. ‘సారు అడిగినప్పుడు నా గుండె దడదడ కొట్టుకున్నది బిడ్డా. లింకు నేనే పట్టుకపోయిన్నని తెలిస్తే నీ నౌకరి పోతదేమోనని నోరు మూసుకున్న. నువ్వు మాత్రం నా పేరు ఎత్తనే లేదు. ఒక్క మాటతోని తప్పంత నీ మీదేసుకున్నవు. నన్ను కడుపుల పెట్టుకున్నవురా.’ అది కాదు బాపు, అని చెప్పాల్సిన క్షణం అదే. గాలి గట్టిగా వీస్తోందని, బండి చప్పుడు చేస్తోందని, ఇంటికెళ్లాక చెబుదామని అనుకున్నాను. ఇంటికెళ్లేసరికి ఆయన అవ్వకు చెప్పేశాడు. అవ్వ లైనంతా చెప్పేసింది.

అదే ఉద్యోగం ఇప్పటికీ చేస్తున్నాను. ఏ పెట్టె విప్పినా మొదట జంపర్ చూస్తాను, ఎవరైనా ఏదైనా చెప్పబోతే పని ఆపి పూర్తిగా వింటాను. నాకు ఓపిక ఎక్కువని ఆఫీసులో పేరు కూడా వచ్చింది. బాపు రిటైరయ్యాడు, ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెబుతాడు. మొన్న ఆదివారం మా మామగారు భోజనానికి వస్తే మళ్లీ ఎత్తుకున్నాడు. ‘ఇంజనీరు సారు ముందల నిలవడి, నా పేరు బయటికి రానియ్యలే బావా! నౌకరి పోతెపాయె, తండ్రి మాట పోవద్దన్నడు.’ (నేను అలా అన్నట్టు ఈమధ్యే చేరింది.) మామగారు చెయ్యి ఆపి నన్ను గౌరవంగా చూశారు. నేను తల పైకెత్తకుండా అన్నంలో పప్పు కలుపుతూనే ఉన్నాను.

‘సూడు సూడు, చెప్తుంటెనే ఎట్ల సిగ్గువడుతున్నడో’ అన్నాడు బాపు, మురిసిపోతూ.

సిగ్గుపడుతున్న మాట మాత్రం నిజమే.