బంగారు మందు చెప్పిన నోటితో లాల్‌గడి మలక్‌పేట్‌కు

సోమవారం ఉదయం ఏడుంబావుకు మేడ్చల్‌లో బస్సెక్కి శామీర్‌పేటకు టికెట్ తీసుకున్నాను. నేను పనిచేసే క్యాన్సర్ మందుల ల్యాబుకు సెలవు పెట్టాను. నేను కోసిన కోతల వల్ల ఒకావిడ వైద్యం ఆగిపోయింది.

నెల కిందట ఇదే బస్సులో లాల్‌గడి మలక్‌పేట్ రైతు ఖాసిం నా పక్కన కూర్చున్నాడు. నా ఒళ్లో ల్యాబు ఐసు డబ్బా చూసి ఏముందని అడిగాడు. బంగారాన్ని కంటికి కనపడనంత సన్నటి రేణువులుగా చేసి, క్యాన్సర్ మందును వాటికి అంటించి ఎక్కిస్తే గడ్డ దగ్గరికే పోతుందనీ, స్కానింగులో గడ్డ స్పష్టంగా కనిపిస్తుందనీ, మంచి కండకు ఏమీ కాదనీ చెప్పాను. వెనక సీటువాళ్లు కూడా మెడలు సాచి వింటుంటే నాకు భలే హుషారొచ్చింది. ఇదంతా ఇంకా ఎలుకల మీదేనన్న మాట మింగేశాను.

మొన్న శుక్రవారం అతను వెతుక్కుంటూ ల్యాబు గేటు దగ్గరికొచ్చి రుమాలు విప్పాడు. అందులో భార్య కమ్మలున్నాయి.

"గీ బంగారంతోని మందు జేయుండ్రి సారూ. మా తాత హకీం, బంగారం కాల్చి భస్మం జేసేటోడు, నాకెరికే. బీబీకి జుట్టంత ఊడుతాందని, మీ మందుంది గదా అని దవాఖాన క్యాన్సర్ సూదులు బంద్ జేసినం."

పై ఆఫీసరు కారు దిగుతున్నాడు. "తర్వాత మాట్లాడదాం భాయ్" అని పంపేశాను.

శామీర్‌పేటలో ఇడ్లీ సగంలో వదిలేసి, షేర్ ఆటోలో ఎనిమిదిన్నరకు ఊరు చేరాను. ఖాసిం భార్య చాంద్‌బీ తలమీద కొంగుతో గుమ్మంలో కూర్చుని ఉంది. చెవులు బోసిగా ఉన్నాయి.

"అమ్మా, ఆ మందు ఇంకా మనుషులకు రాలేదు. ఎలుకల మీద చూస్తున్నాం, అంతే. ఆ రోజు గొప్పకు చెప్పాను. సూదులు మానొద్దు" అన్నాను.

ఖాసిం జేబులోంచి కమ్మల రుమాలు తీసి భార్య చేతిలో పెట్టాడు.

"సదువుకున్నోళ్లు గట్ల జెప్తే నమ్మమా సారూ?"

తిట్టినా బాగుండేది. చాంద్‌బీయే లేచి ఆసుపత్రి ఫైలు తెచ్చింది. "ఇగ లే, జల్దీ పోదం" అంది మొగుడితో.

ముగ్గురం సిటీ బస్సు పట్టుకుని పదకొండింటికి ఆసుపత్రి చేరాం. డాక్టరమ్మ కోప్పడి, ఆ పూటే సూది మొదలుపెట్టింది. మధ్యలో మానినందుకు ఎంత చేటు జరిగిందో స్కాన్ తీస్తేగాని చెప్పలేనంది.

సాయంత్రం అయిదుకు తిరుగు బస్సు దొరికింది. ఏడేళ్లుగా ఐసు డబ్బాతో బస్సుల్లో తిరుగుతున్నాను, నా పని ఎవరికోసమో ఆ రోజే చూశాను. బొల్లారం దాటాక చాంద్‌బీ నావైపు తిరిగింది.

"సారూ, గా ఎలుకలకైన నయమైతాందా?"

"కొన్నింటికి గడ్డ తగ్గుతోందమ్మా."

ఆమె మొహం తేటపడింది. ఎంత తగ్గిందో చూడటానికి ఆ ఎలుకల్ని మేమే చంపి కోస్తామని చెప్పడానికి నాకు మళ్లీ నోరు రాలేదు.