అమ్మణ్ణి రాని తొమ్మిది రోజులు

శ్రీమతి లక్ష్మీదుర్గ గారు భీమవరంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో బి.బి.ఎ. మూడవ సంవత్సరం విద్యార్థులకు మానవ వనరుల నిర్వహణ అనే విషయాన్ని ఏడు సంవత్సరాలుగా బోధిస్తున్నారు. వారి స్వస్థలం కొవ్వూరు. కళాశాలకు రాకముందు తొమ్మిదేళ్లపాటు కాకినాడ సమీపాన ఒక రొయ్యల ప్లాంటులో హాజరు గుమాస్తాగా పనిచేశారు. ఆ ఉద్యోగం చేస్తూనే దూరవిద్య ద్వారా ఎం.బి.ఎ. పూర్తిచేశారు. వారి జీవితంలో పత్రికలకెక్కదగిన ఘటన ఏదీ లేదు. అయినప్పటికీ, గత అక్టోబరు మాసంలో జరిగిన ఒక సంగతిని ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పొందుపరచడం ఉచితమని భావించడమైనది.

ముందుగా వారి బోధనా పద్ధతిని గురించి కొంత చెప్పవలసి ఉంది. ఈ విషయం పేరు వినగానే విద్యార్థులలో అధికసంఖ్యాకులకు ఆవులింత వస్తుంది. బ్యాంకు పరీక్షలకు పనికిరాదనీ, కంప్యూటరుతో సంబంధం లేదనీ వారి అభిప్రాయం. అందువల్ల లక్ష్మీదుర్గ గారు మొదటి తరగతిలో పుస్తకం తెరవరు. ప్రతి విద్యార్థి చేతా ఒక సెలవు చీటీ రాయించి, దానిని పక్కవారికి ఇప్పిస్తారు. పక్కవారు అధికారి స్థానంలో ఉండి, సెలవు ఇచ్చినదీ లేనిదీ కారణంతో సహా రాయాలి. ఆ సంవత్సరం నలభై ఒక్క చీటీలలో ముప్పై ఆరు తిరస్కరణకు గురైనవి. సూర్యతేజ అనే విద్యార్థి తన స్నేహితుని అక్క పెళ్లికి, తాను స్వయంగా భోజనానికి వెళ్లనున్న పెళ్లికి, తగిన ఆధారములు జతపరచనందున సెలవు మంజూరు చేయలేనని రాశాడు. తరగతి అంతా నవ్వింది. పెన్ను చేతికి రాగానే మనిషి ఎలా మారిపోతాడో మీరే రాసి చూపించారనీ, మొదటి పాఠం ఇంతేననీ చెప్పి, మేడమ్ హాజరు తీసుకుని వెళ్లిపోయారు.

మూడవ సంవత్సరం విద్యార్థులు ఏదేని ఒక సంస్థకు వెళ్లి, అక్కడి సిబ్బంది వ్యవహారాలను పరిశీలించి, నివేదిక సమర్పించాలన్నది నియమం. సూర్యతేజకు, గీతిక అనే మరొక విద్యార్థినికి కలిపి భీమవరానికి పది కిలోమీటర్ల దూరంలోని ఒక రొయ్యల ప్లాంటును కేటాయించారు. గీతిక తరగతిలో ప్రథమురాలు. లెక్కలన్నా గ్రాఫు పటాలన్నా ఆమెకు మహా ఇష్టం.

ఆ ప్లాంటు మేనేజరు శ్రీనివాసరాజు గారు మర్యాదస్తులు. విద్యార్థులకు కాఫీ ఇప్పించి తమ ఇబ్బందిని వివరించారు. రొయ్యలు వలిచే బల్లల వద్దకు రోజుకు నూట నలభై మంది స్త్రీలు కావలసి ఉండగా, నూట పది మందికి మించి రావడం లేదు. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో సరుకు ఐసులో పడి ఎదురుచూస్తుంది. మనుషులు ఎందుకు రావడం లేదో కనిపెట్టి చెప్పమని వారు కోరారు. మూడు నెలల హాజరు పట్టీలను, ఎవరు ఏ ఆటోలో వచ్చారో గేటు వద్ద రాసే పుస్తకాన్ని కూడా చూడనిచ్చారు.

మూడు వారాలు శ్రమించి గీతిక ముప్పై రెండు పుటల నివేదిక తయారుచేసింది. అందులో పద్దెనిమిదవ పుటలోని ఆరవ పేరా ఈ విధంగా ఉంది: "అమ్మణ్ణి అను కార్మికురాలు గైర్హాజరైన తొమ్మిది దినములలోనూ, అదే ఆటోలో వచ్చు మిగిలిన పదిమందీ గైర్హాజరైరి. ఈమె ఇతరులను పనికి రాకుండా ప్రభావితం చేయుచున్నట్లు దీనివలన తేలుచున్నది. ఈమెను తొలగించిన యెడల హాజరు మెరుగుపడగలదు." సమర్పణకు అదే ఆఖరు రోజు. పటాలు ముచ్చటగా ఉన్నాయి. లక్ష్మీదుర్గ గారు మొదటి పుటలు, చివరి పుటలు చదివి సంతకం చేశారు. ఆరవ పేరా చదవలేదు. ఈ విషయాన్ని వారు ఏనాడూ దాచలేదు.

గురువారం మధ్యాహ్నం శ్రీనివాసరాజు గారు ఫోను చేశారు.

"మీ పిల్లలు గట్టోళ్లండి మేడమ్. మా సూపర్‌వైజరు మూడేళ్లుగా పట్టలేనిది మూడు వారాల్లో పట్టేశారు. సోమవారం నుంచి ఆవిడ గేటు పాసు ఆపేస్తున్నానండి."

ఆ ఆవిడ ఎవరో మేడమ్‌కు తెలియదు. ఫోను పెట్టేసి, నివేదిక కార్యాలయ ప్రతి తెప్పించుకుని చదివారు. తన సంతకం వల్ల ఒక మనిషి జీవనాధారం పోబోతున్నదని, అందుకు మధ్యలో మూడు రోజులే ఉన్నాయని వారికి అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం విద్యార్థులు నకలు చేసి తెచ్చిన హాజరు పట్టీలను ముందు వేసుకుని కూర్చున్నారు. తొమ్మిదేళ్లు అటువంటి పట్టీలు రాసిన చేయి గనుక, గంటలోపే ఒక విశేషం కంటపడింది.

మరునాడు ఇద్దరినీ పిలిచి ఆ పట్టీలనే చూపించారు. పనిచేసిన దినాలు మొత్తం డెబ్బై ఎనిమిది. మిగిలిన ఆటోలలో ఈ రోజు ఒకరు, రేపు ఇద్దరు మానేస్తూనే ఉన్నారు. అమ్మణ్ణి ఎక్కే ఆటోలో మాత్రం ఆ తొమ్మిది రోజులు మినహా, అరవై తొమ్మిది రోజులూ పదకొండుకు పదకొండు మందీ హాజరు. ప్లాంటు మొత్తంలో అటువంటి ఆటో మరొకటి లేదు.

గీతిక ముఖం చిన్నబోయింది. అయినా వెంటనే ఒప్పుకోలేదు.

"అంకెలు అబద్ధం కాదు కదా మేడమ్."

"కాదమ్మా. నువ్వు అడిగినదానికి అవి నిజమే చెప్పాయి. ఆవిడ రాని రోజుల గురించి అడిగావు. వచ్చిన రోజుల గురించి అడగలేదు. నేనూ అడక్కుండానే సంతకం పెట్టేశాను. రేపు పొద్దున్నే వెళ్లి ఆవిడనే అడుగుదాం."

శనివారం ఉదయం అయిదుంబావుకు ముగ్గురూ రెండు స్కూటర్ల మీద అమ్మణ్ణి ఉండే పేటకు చేరారు. ప్లాంటుకు అది పద్నాలుగు కిలోమీటర్లు. అమ్మణ్ణికి యాభై రెండేళ్లు ఉంటాయి. చేతిలో కారియర్, భుజం మీద మడత పెట్టిన రబ్బరు ఏప్రను. ఆటో రోడ్డు మీద ఆగి ఉంది. ఆమె దాని దగ్గరకు పోకుండా, ఒక్కొక్క ఇంటి ముందూ ఆగుతూ లోపలికి నడిచింది. ఒక గుమ్మం దగ్గర పిల్లవాడి జ్వరం సంగతి అడిగింది. మరొక చోట చేతి తొడుగులు మరిచిపోవద్దని గుర్తుచేసింది. నాలుగో ఇంట్లో అత్తగారు, చుట్టాలొస్తున్నారు కోడలిని ఇవాళ పంపనన్నది. సాయంత్రం ఆరింటికల్లా గుమ్మంలో దింపుతాననీ, చుట్టాలకు రొయ్యలు తానే వలిచి పంపుతాననీ అమ్మణ్ణి బేరమాడింది. కోడలు చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది.

మీ కోడలిని రోజూ పంపుతారా అని లక్ష్మీదుర్గ గారు ఆ అత్తగారిని అడిగారు.

"అమ్మణ్ణి ఉంటేనే పంపుతానండి. దాని పక్కన కూర్చుని వెళ్తది, దాని పక్కన కూర్చుని వస్తది. అది లేనినాడు ఎవరి పూచీ మీద పంపమంటారు? మీరైనా పంపుతారా?"

ఈలోగా అమ్మణ్ణి దగ్గరకు వచ్చింది. పాసు ఆపుతున్న సంగతి సూపర్‌వైజరు ద్వారా ముందురోజే ఆమె చెవిన పడింది. సూర్యతేజను పైనుంచి కిందికి చూసింది.

"నా పేరు రాసింది నువ్వేనా బాబూ? ఆధార్‌లో అయిదేళ్లుగా తప్పే ఉంది, ఎవరూ దిద్దరు. నువ్వు మటుకు తప్పు లేకుండా రాశావంట."

సూర్యతేజ తల వంచుకున్నాడు. రాసింది తానేనని గీతిక ముందుకు వచ్చి చెప్పింది. ఆ తొమ్మిది రోజులూ ఎక్కడికి వెళ్లారని అడిగింది. కూతురి పురుటికి తణుకు ఆసుపత్రిలో అయిదు రోజులు, బిడ్డకు పచ్చకామెర్లు వస్తే మళ్లీ నాలుగు రోజులు ఉండవలసి వచ్చిందని అమ్మణ్ణి చెప్పింది.

"సూపర్‌వైజరు గారికి చెప్పే వెళ్లానమ్మా. ఆయన తలూపారు. ఆ తలూపడం మీ పుస్తకంలోకి ఎక్కలేదు కాబోలు." కాస్త ఆగి మళ్లీ అంది. "నా ఒక్కదాని కూడు ఎక్కడైనా దొరుకుతది. నేను మానేస్తే వీళ్లలో ఆరుగురిని గుమ్మం దాటనివ్వరు. నలుగురి కోసం ఆటో రాదు. అదీ నా బాధ."

ఆటో కదిలింది. కళాశాల దగ్గర దిగిన తరువాత, మేనేజరు గారి వద్దకు తాను కూడా వస్తానని గీతిక అన్నది.

సంగతి తెలిసి ప్రిన్సిపాల్ గారు ఫోనులో లక్ష్మీదుర్గ గారికి ఒక జాగ్రత్త చెప్పారు. మన విద్యార్థులను లోపలికి రానిచ్చే ప్లాంట్లు మూడే ఉన్నాయనీ, ఇచ్చిన నివేదికను మనమే కాదంటే వచ్చే సంవత్సరం ఆ గేటు కూడా మూసుకుంటుందనీ వారి ఆందోళన. అది నిరాధారమైనది కాదు. మేడమ్ అంతా విని, ఒక తెల్లకాగితం తీసుకున్నారు. ఆరవ పేరా పూర్తి పరిశీలన లేకుండా ధ్రువీకరించడమైనదనీ, ఆ పొరపాటుకు తానే బాధ్యురాలిననీ, దానిని ఉపసంహరించుకుంటున్నాననీ నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశారు.

ఆ మధ్యాహ్నమే ప్లాంటులో శ్రీనివాసరాజు గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు.

"మేడమ్, ఇది మీ క్లాసు కాదండి, కొట్టేసి మళ్లీ రాయడానికి. ఆపుతానని చెప్పి ఆపకపోతే రేపు నా మాట ఎవరు వింటారండి?"

అప్పుడు గీతిక మాట్లాడింది. తెల్లవారుజామున చూసినదంతా, అత్తగారి మాటలతో సహా, వరుసగా చెప్పింది. హాజరు పట్టీలోని అరవై తొమ్మిది రోజులనూ వేలితో చూపింది. చివరికి ఇలా అన్నది: "సార్, మీకు నూట నలభై మంది కావాలన్నారు కదండీ. వాళ్లు ఒక్కొక్కళ్లుగా రారండి. ఆటోలుగా వస్తారు. ఆ ఆటోని తీసుకొస్తున్న మనిషినే తీసెయ్యమని నేను రాశానండి."

మేనేజరు గారు పట్టీలను దగ్గరకు లాక్కుని ఆ రోజులను తామే ఒకసారి లెక్కపెట్టారు. తరువాత న్యాయమైన ప్రశ్నే ఒకటి వేశారు. ఆవిడకు మళ్లీ జ్వరం వస్తే, పదకొండు మందీ మళ్లీ మానేసినట్టేనా?

నివేదికలో ఉండవలసిన ప్రశ్న అదేననీ, దానికి జవాబు తన వద్ద గానీ పిల్లల వద్ద గానీ లేదనీ, అమ్మణ్ణినే అడగడం మంచిదనీ లక్ష్మీదుర్గ గారు బదులిచ్చారు.

సోమవారం ఉదయం గేటు వద్ద అమ్మణ్ణి పాసు చూపించింది. కాపలాదారు లోపలికి పంపించాడు. పది గంటలకు మేనేజరు గారు ఆమెను కార్యాలయానికి పిలిపించారు. లక్ష్మీదుర్గ గారూ విద్యార్థులూ అప్పటికే అక్కడ ఉన్నారు. కుర్చీ చూపిస్తే, తడి ఏప్రనుతో కుర్చీ పాడవుతుందని ఆమె నిలబడే మాట్లాడింది. తనను పెద్దను చేసి పేరేదో ఇస్తామంటే వద్దన్నది. తన బల్ల తనకు ఉంటే చాలన్నది. తాను రాని రోజు సంగతి అడిగినప్పుడు మాత్రం, ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు జవాబిచ్చింది.

"మంజుష ఉందండి మాలో, పదో తరగతి చదివింది. ఇవాళ్టి నుంచి దాన్ని నాతోపాటు గుమ్మం గుమ్మానికీ తిప్పుతాను. ఆ ముసలమ్మలకి దాని మొహం అలవాటవ్వాలి కదండీ. నెల పడుతుంది. తొందరపెడితే అవ్వదు."

మేనేజరు గారు నెల గడువు ఇచ్చారు. మిగిలిన ఆటోలలో కూడా ఇటువంటి మనిషి ఎవరో కనుక్కుని రాయమని విద్యార్థులకు పురమాయించారు. గీతిక, సూర్యతేజ ఆ తరువాత ఎనిమిది ఉదయాలు ఎనిమిది ఊళ్లు తిరిగారు. కొత్త నివేదిక పదకొండు పుటలే వచ్చింది. అందులో పటాలు లేవు. లక్ష్మీదుర్గ గారు ప్రతి పేరా చదివి, రెండుచోట్ల దిద్దించి, ఆ తరువాతనే సంతకం చేశారు. ప్లాంటు గేటు కళాశాలకు మూసుకోలేదు.

నవంబరు చివరి వారంలో అమ్మణ్ణి కంటి పరీక్ష నిమిత్తం రాజమండ్రి వెళ్లింది. ఆ ఉదయం శ్రీనివాసరాజు గారు గేటు వద్దకు స్వయంగా వచ్చి నిలబడ్డారు. ఆటో పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ముందుగా మంజుష దిగి, వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ దింపింది. తనతో కలిపి ఎనిమిది మంది. ఇద్దరి అత్తగార్లు ఇంకా ఒప్పుకోలేదని, మేనేజరు గారు అడగకముందే చెప్పింది. ఆయన తల పంకించి, ఆ ఇద్దరి పేర్లూ అడిగి తెలుసుకున్నారు.

మరునాడు అమ్మణ్ణి, కళ్లలో చుక్కల మందు మంట తగ్గకముందే, మంజుషను వెంటబెట్టుకుని ముందుగా ఆ రెండు గుమ్మాల దగ్గరకే వెళ్లింది.