మా జవాబుకు గడి లేదట

సర్వేలో మా ఊరి పేరు పక్కన "అభిప్రాయం లేదు" అని రాసి పంపేశారు. అది అబద్ధం. మేం కూర్చుని తేల్చుకున్నాం, వినడానికి సర్వే ఆయనే రాలేదు.

పోయిన నెల ఆయన, తెలుగు రాష్ట్రం సరిహద్దు అవతల ఆవపల్లి దగ్గరున్న మా ఊరికి వచ్చాడు. మన తెలుగాయనే కదా అని ఇల్లిల్లూ తిప్పింది నేనే. మిరపకోతకు వెళ్లే ఆడకూలీలకు కాన్పయ్యాక మూడు నెలలు సర్కారే కూలి ఇవ్వాలా, వద్దా అన్నది ప్రశ్న. మా ఊళ్లో ఇలాంటి మాటకు ఎవరూ ఒంటరిగా జవాబివ్వరు. ఆదివారం అందరం కూర్చుని చెబుతాం, రమ్మన్నారు. ఆయన సరే అన్నాడు. ఆదివారం అందరూ ఇవ్వాలని చేతులెత్తారు. కాన్పైన పదోరోజే కోతకు వెళ్లిన మా వదిన రెండు చేతులూ ఎత్తింది. ఇప్పుడామెకు మళ్లీ ఏడో నెల.

ఈ రోజు సంతలో ఆయన దొరికాడు. ఫోన్‌లో మా ఊరి ఫలితం చూపించాడు.

"ఇదేంది అన్నా? ఆదివారం వస్తనన్నవ్ గదా!"

"అడిగిన రోజు ఎవరూ చెప్పలే గదా చెల్లె. కూసొని చెప్తరు అనే గడి ఫారంల లేదు."

నేను బడికి వెళ్లకుండా అక్షరాలు నేర్చుకున్నదాన్ని. గడి లేకపోతే పక్కన ఖాళీలో రాయొచ్చని నాక్కూడా తెలుసు.

మీ ఊరి నోట్లోనూ ఇలాగే మట్టి కొట్టారా? కింద రాయండి.

అన్నా, వచ్చే ఆదివారం పొద్దుగూకేలోపు ఫారం పట్టుకుని మా ఊరికి రా. మా వదిన జవాబు ఆమె ముందే రాయి.