పడటం నేర్పిన మాస్టారు

మా జూడో మాస్టారు నిద్రలోనే పోయారని మంగళవారం పొద్దున మా అమ్మాయి చెప్పింది. నాకు రాయడం అంతంత మాత్రమే. అయినా ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేనే కూర్చున్నాను.

ఇక్కడ దేశంకాని దేశంలో, బెంటన్‌విల్ ఊళ్లో, మన తెలుగు చర్చి హాల్లో, శనివారాలు ఆయన మా ముసలివాళ్లకు జూడో నేర్పేవారు. పోయిన చలికాలం మంచు మీద జారి నా మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా మా అమ్మాయి నన్ను ఒంటరిగా గడప దాటనివ్వలేదు. ఎక్కడికెళ్లినా చెయ్యి పట్టుకుని నడిపించేది. కుర్రతనంలో కుస్తీలు పట్టినవాణ్ణి, నాకది చావుతో సమానం. అందుకే ఆయన దగ్గరికి వెళ్లాను.

మొదటిరోజే చొక్కా విప్పేసి నిలబడ్డాను. మా వైపు కుస్తీ అంటే అంతే మరి. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "తొడుక్కోండి బ్రదర్. జూడోలో పట్టంతా బట్ట మీదే. కాలరూ చొక్కా చెయ్యీ లేకపోతే నేనేం పట్టుకోను?" అంటూ ముతక కోటొకటి ఇచ్చారు.

బలంకొద్దీ తోశాను. ఆయన ఎదురు తోయలేదు, నడుం తిప్పారంతే. చాప మీద వెల్లకిలా ఉన్నాను. పోటీలో అలా వీపు ఆనేలా విసిరితే ఆట అక్కడితో సరి. అయితే ఆయన నా చెయ్యి వదల్లేదు. తల తగలకుండా పైకి లాగి పట్టుకున్నారు. "మీరు తోశారు, నాకు సగం పని తప్పింది," అన్నారు.

విసరడం చెప్పమంటే, ముందు పడటం నేర్చుకోమన్నారు. గడ్డం రొమ్ముకి ఆనించాలి. చెయ్యి ఊతం పెట్టకూడదు, చాచి చాపని చరచాలి. వేసవంతా అదే పని. పడటానికి కూడా చదువు కావాలా అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"మణికట్టు ఎందుకు విరిగింది మరి?" అన్నారు. గడ్డం రొమ్ముకి ఆనించి మళ్లీ పడ్డాను.

ఈ డిసెంబర్‌లో పార్కింగ్ లాట్‌లో, మా అమ్మాయి కళ్లముందే మళ్లీ జారాను. గడ్డం దానంతటదే రొమ్ముకి ఆనింది. లేచి దులుపుకున్నాను. అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఏమైంది నాన్నా అంటే, పడ్డాను, అంతే అన్నాను. మాస్టారికి చెబితే మెచ్చుకోలేదు. ఎలా పడ్డానో చాప మీద మళ్లీ చూపించమన్నారు.

ఆయన్ని సమాధి చేసిన రోజు శ్మశానం వాలంతా మంచు గడ్డకట్టి ఉంది. శనివారం క్లాసు ఆగదని, నాకొచ్చిన పడటం నేను చెబుతానని గేటు దగ్గరే అందరితో అనేశాను. ఆ తర్వాత వాలు దిగాను. మా అమ్మాయి రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నా పక్కనే నడిచింది.