గానుగెద్దుకు నేను రాసిన చీటీ

1946 వేసవి చివర నన్ను చీపురుపల్లి దగ్గర ఒక జిల్లా బోర్డు ఆసుపత్రికి బదిలీ చేశారు. ఎల్.ఎం.పి. చదివిన మాకు సబ్ అసిస్టెంట్ సర్జను హోదా. హోదాలో సర్జను ఉన్నాడు గాని, కత్తులున్న బీరువాకు తాళంచెవి లేదు. మందుల గదిలో రెండు మిక్స్చర్లు ఉండేవి: ఎర్రది, ఎర్రది కానిది.

అక్కడికి అప్పలస్వామి అనే గానుగవాణ్ణి అతని అన్న, భార్య పైడమ్మ పట్టుకొచ్చారు. ఎవరూ లేనిచోట మాటలు వినబడుతున్నాయట. వాటికి జవాబు చెబుతూ బస్తా నువ్వులు వీధిలో పారబోశాడు. స్కిజోఫ్రేనియా అని రాసుకున్నాను. దానికి నా చేతికందిన మందు పాతాళగంధి వేరు ఒక్కటే, నాటువైద్యులు పిచ్చికి వాడే సర్పగంధ. కాంపౌండరు నూరి, పూటకో పొట్లం కట్టి ఇచ్చాడు. పదిహేను రోజుల్లో మాటలు ఆగాయి. నా పేరు బొబ్బిలి దాటి, నా అంచనాలో కటకం దాకా పాకింది.

తరవాత అతనికి ముక్కు దిబ్బడ వేసింది. పడిశమని ఆవిరి పట్టించాను. విరేచనాలకు ఎర్ర మిక్స్చరు, నీరసానికి ఎర్రది కానిది ఇచ్చాను. నోట మాట తగ్గిపోయింది. ఆపైన గానుగ దగ్గర పడిపోసాగాడు. కారణం నాకు చటుక్కున తట్టింది: పొద్దస్తమానం ఎద్దు వెనక గుండ్రంగా తిరిగితే కళ్లు తిరగవూ? రుజువు కోసం కోటు విప్పకుండా నేనే తిరిగాను. పదకొండో చుట్టుకు చీపురుపల్లి స్టేషను నా చుట్టూ రెండుసార్లు వెళ్లింది. వారంపాటు ఎద్దును ఎదురు దిక్కుకు తిప్పమని చీటీ రాసిచ్చాను. ఒకే దిక్కు అలవాటైన ఎద్దు ఆ చీటీని ఖాతరు చెయ్యలేదు.

అప్పలస్వామి మళ్లీ పడ్డాడు. ఈసారి నుదురు చిట్లింది. పిచ్చి ముదిరి మూగవాడయ్యాడని అన్న తేల్చేశాడు. సోమవారం రైలుకు వాల్తేరు పిచ్చాసుపత్రిలో దింపేస్తానని, సంతకం పెట్టమని కాగితం నా బల్ల మీద ఉంచాడు. రోగం ముదిరిందో, కొత్త రోగం వచ్చిందో, పొరపాటు నాదో అంతుబట్టక కలం పట్టుకుని కూర్చున్నాను.

పైడమ్మ అప్పుడు నోరు విప్పింది. "పదేళ్లనుండి ఆ ఎద్దెనకాలే తిరిగినాడు డాట్రుబాబూ. మీ పొట్లాలు రాకముందు ఒక్కపాలీ పడనేదు."

రోగిని కూర్చోబెట్టి నాడి చూడటం మా ఆసుపత్రి మర్యాద. మొదటిసారి అతన్ని నిలబెట్టి చూశాను. నాడి వేలికి అందకుండా పోయింది. మనిషి నా మీదికి వాలిపోయాడు.

ముక్కు దిబ్బడ నుంచి ఈ పడిపోవడం దాకా అన్నీ నా పొట్లం పనే అనిపించి సంతకం పెట్టలేదు. పొట్లం పూర్తిగా మాన్పించాలో, తగ్గించాలో నా పుస్తకాల్లో లేదు. సగం చేశాను. మిక్స్చర్లు రెండూ ఆపేశాను. అన్నను బతిమాలితే పదిహేను రోజులు గడువిచ్చాడు.

గడువునాడు గానుగ దగ్గరికి వెళ్లాను. అన్న కాగితంతో సిద్ధంగా ఉన్నాడు. అప్పలస్వామి ఎద్దు వెనక తిరుగుతున్నాడు. మాటలు మళ్లీ వస్తున్నాయా అని అడిగాను.

"వస్తన్నాయి బాబూ, అప్పుడప్పుడు. ఆ పొట్లాలేసుకున్నప్పుడు గానుగ సప్పుడు కూడా ఇనపడీది కాదు. ఇప్పుడు రెండూ ఇనపడతన్నాయి. ఏది గానుగో నాకు తెలస్తన్నాది."

అన్న కాగితం మడిచి మొలలో దోపుకున్నాడు.

నయమైందని రాయాలో, కాలేదని రాయాలో తెలియక రిజిస్టరులో ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఇప్పుడైనా ఏం రాస్తానో తెలియదు. రిటైరయ్యేదాకా మాత్రం, పాత రోగి కొత్త బాధతో వస్తే ముందు నిలబెట్టి నాడి చూసేవాణ్ణి. తరవాత, క్రితంసారి నేనేమిచ్చానో ఇంట్లోవాళ్లను అడిగేవాణ్ణి.